సొసైటీ చెరువు నుండి లీజు చెరువు వరకు: సంస్కరణల కాలంలో కొల్లేటి శ్రామికులు – ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

ప్రపంచీకరణను గూర్చి మన వేదాంత కళాశాలలలో జరిగే చర్చలు చాలా వరకు 1991 జూలైతో మొదలై, ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్య నిధి, బహుళజాతి సంస్థలు అనే పేర్లను తలచుకొని, ఆమోసు గ్రంథం దగ్గర ముగుస్తాయి. ఆ చర్చలు అనవసరమని మేము అనడం లేదు. అయితే అవి ముగిసిన తరువాత విద్యార్థి తిరిగి వెళ్లేది ఏలూరుకో, ఆకివీడుకో, తాడేపల్లిగూడెంకో. అక్కడ ఆదివారం ఉదయం చాప మీద కూర్చునే విశ్వాసికి ద్రవ్య నిధి పేరు తెలియదు. చెరువు లీజు ఎంతకు పోయిందో, పట్టుబడి రోజున కూలి ఎంత ఇచ్చారో, కువైట్ వెళ్లిన కూతురు ఈ నెల డబ్బు పంపిందో లేదో మాత్రం తెలుసు. ఈ రెండింటికీ మధ్య ఉన్న చరిత్రను కొల్లేటి ప్రాంతాన్ని ఆధారం చేసుకొని ఈ వ్యాసంలో పరిశీలించ దలచాము. 2022 ఏప్రిల్‌లో ఏలూరు కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా నుండి వచ్చి అందులో చేరాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే నిలిచింది. మేము చెప్పబోయే సంగతులలో ఎక్కువ భాగం పాత జిల్లాల కాలం నాటివి.

ముందు కథ

లోకపు అంగడి మనకు 1991లో కొత్తగా పరిచయమైనది కాదు. ఏలూరు తివాచీలు 1851లోనే లండను మహా ప్రదర్శనకు వెళ్లాయి. పారశీక దేశం నుండి వచ్చిన నేతగాండ్ర సంతతివారు నేసిన ఆ ఉన్ని తివాచీలు సముద్రాలు దాటాయి. తరువాత చవక రంగులు, చవక బేరాలు వచ్చి అదే అంగడి ఆ పనిని దిగజార్చింది. ప్రభుత్వం పూనుకొని చేసే అభివృద్ధి కూడా పంచవర్ష ప్రణాళికలతో పుట్టినది కాదు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం వద్ద మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట కూడా వచ్చింది. ఏలూరు కాలువ రెండు నదులనూ కలిపింది. కరువు నేల వరి నేల అయింది. 1854లో చర్చి మిషనరీ సొసైటీ వారు ఏలూరులో కేంద్రం తెరిచేనాటికి కాలువల తవ్వకం ఇంకా సాగుతూనే ఉన్నది. మన సంఘాల పితరులలో అనేకులు ఆ కాలువ మట్టి మోసినవారు, ఆ కాలువ కింది పొలాలలో పాలేర్లు. అయితే కాలువ నీరు వారి పొలానికి పారలేదు. వారికి పొలమే లేదు గనుక.

రెండు డెల్టాల నీరు పొలాలకు పారిన తరువాత మురుగు ఎక్కడికో పోవాలి కదా! అది కొల్లేరుకు పోయింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు ముందునుంచే అక్కడికి చేరుతున్నాయి. వాటికి కాలువ మురుగు తోడైంది. లోపలికి దారులు అనేకం, బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుచేత కొల్లేరు విస్తీర్ణం ఇంత అని ఒక్క మాటలో చెప్పలేము. సముద్ర మట్టం కంటే పది అడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే 901 చదరపు కిలోమీటర్లు, ఐదు అడుగుల కాంటూరు వద్ద 308, మూడు అడుగుల వద్ద 135. ఈ అంకెలను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. గడచిన ఇరవై ఏళ్ల కొల్లేటి రాజకీయమంతా ఈ ఐదుకూ మూడుకూ మధ్య నలిగిన రాజకీయమే.

సరస్సులోని లంక గ్రామాలలో వడ్డీలు తరతరాలుగా చేపల వేటతో బ్రతికారు. తాటి దోనె, వల, మావు వారి పనిముట్లు. కొర్రమీను, జెల్ల, వాలుగ, బొమ్మిడాయి వారి పంట. కిక్కిస ఇంటికప్పుకు, తుంగ చాపలకు పనికి వచ్చేవి. నీరు తగ్గిన నెలలలో సరస్సు అడుగున వరి వేసేవారు, వరద వస్తే అది పోయేది. దళిత పేటలలోని వారు ఆ వరిలోనూ, గట్టు మీది కామందుల పొలాలలోనూ కూలి చేసేవారు. కొల్లేటి బీదరికాన్ని సుందరంగా వర్ణించే రచనలు మనకు ఉన్నాయి గాని, ఆ రోజులలో ప్రసవ వేదన పడుతున్న స్త్రీని దోనెలో ఏలూరు ఆసుపత్రికి తీసుకు వచ్చిన వారిని అడిగితే వర్ణన వేరుగా ఉంటుంది. 1964 వరదల తరువాత డెల్టా మురుగు పారుదలపై మిత్రా కమిటీని వేశారు. ఉప్పుటేరును బాగుచేసి, వంకరలు తీసి, నీరు త్వరగా సముద్రానికి పోయేటట్లు చూడాలని అది సూచించింది. ఆ పని నేటికీ సగం పనే.

ప్రభుత్వమే పెట్టుబడిదారు

1976లో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, రాష్ట్ర ప్రభుత్వం కొల్లేరులో మత్స్య సహకార సంఘాలను ప్రోత్సహించింది. వేటగాండ్రనూ భూమిలేని బీదలనూ సభ్యులుగా చేర్చి, సరస్సు భూమిలో చెరువులు తవ్వించి, అప్పు ఇప్పించి, పిల్ల చేపలను పోయించడం ఆ పథకము. 1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టం డెల్టాలోని పెద్ద కమతాలను అనుకున్నంతగా కదిలించలేకపోయింది. గట్టు మీది భూమిని పంచలేని ప్రభుత్వం నీటి కింది భూమిని పంచింది. ఇది మా అభిప్రాయము. దీనితో ఏకీభవించని వారూ ఉంటారు. ఏమైనా, లంక గ్రామాల బీదవానికి మొదటిసారిగా ఒక ఆస్తిలో వాటాదారు అనే పేరు వచ్చింది. ఆ పేరుకు విలువ లేదనడం అన్యాయము.

అదే కాలంలో తాడేపల్లిగూడెం వైపు చూస్తే ప్రభుత్వ హస్తం మరొక రూపంలో కనిపిస్తుంది. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ మిల్లర్ల నుండి లెవీ బియ్యం సేకరించేది. 1983 నుండి రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చి ఆ బియ్యానికి ఇక్కడే గిరాకీ ఏర్పరచింది. 1987 నాటి చట్టం ఆహార ధాన్యాలనూ చక్కెరనూ జనపనార గోనె సంచులలోనే నింపాలని నిర్బంధించింది. దాని మీద ఏలూరు జూట్ మిల్లు కార్మికుల జీవనం ఆధారపడింది. రైతు వడ్లు, మిల్లు బియ్యం, జూట్ మిల్లు సంచి, మూట మోసే జట్టు కూలీ, రేషన్ షాపు ముందు నిలబడిన విధవరాలు, ఇదంతా ఒక గొలుసు. గొలుసులోని ప్రతి కొక్కెం మీదా ప్రభుత్వ ముద్ర ఉన్నది. తవుడు నుండి నూనె తీయగా మిగిలిన పిండి కొల్లేటి చేపలకు మేత అయింది. ఆ విధంగా గూడెం మిల్లులూ కొల్లేటి చెరువులూ ఒకదానిని ఒకటి పోషించుకొన్నాయి.

సొసైటీ చెరువు ఎట్లా చేయి జారినది?

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. కొల్లేరును నాశనం చేసినది ప్రపంచీకరణ అని సభలలో చెప్పడం తేలిక. కాని తేదీలు అందుకు ఒప్పుకోవు. చెరువులు తవ్వడం 1991కి పదిహేనేళ్ల ముందే మొదలైనది. కొల్లేటి బొచ్చె, శీలావతి విదేశాలకు ఎగుమతి కాలేదు. ఐసు వేసి లారీలకు ఎత్తితే అవి హౌరాకు, అస్సాంకు వెళ్లాయి. బెంగాలీ ఇంటి భోజనమే మన కొల్లేటి చెరువును తవ్వించింది. మరి సంస్కరణలు చేసినదేమిటి?

చేపల చెరువు వరి పొలము వంటిది కాదు. వరికి విత్తనం, ఎరువు, కూలి కలిపినా రైతు ఏదో విధంగా సర్దుకొంటాడు. చెరువుకు గట్టు, పిల్ల, నెలల తరబడి మేత, ఇంజను, మందు, పట్టుబడి నాటికి ఐసూ లారీ, అన్నిటికీ ముందే డబ్బు కావాలి. ప్రభుత్వం సంఘాలకు చెరువు ఇచ్చింది, మొదటి అప్పు ఇచ్చింది. రెండవ సంవత్సరం మేతకు అప్పు ఇచ్చేవారు లేరు. ఒక వరదకు గట్టు తెగితే చేపలు పోయి అప్పు మిగిలింది. అప్పుడు గట్టు మీది ఊరి నుండి డబ్బున్న ఆసామి వచ్చాడు. చెరువును కొన్ని ఏళ్లకు లీజుకు తీసుకొన్నాడు. సభ్యునికి ఏటా ఇంత అని వాటా డబ్బు ఇచ్చాడు. కాగితం మీద చెరువు సంఘానిదే. సభ్యుడు తన చెరువుకే కాపలాదారు అయ్యాడు, తన చెరువులోనే పట్టుబడి కూలీ అయ్యాడు. లీజు గడువు తీరకముందే ఇంటి పెళ్లికో, వైద్యానికో ముందస్తు డబ్బు తీసుకొన్నందున గడువు తీరేదే కాదు.

1991 తరువాత జరిగిన మార్పు ఈ లీజు పుట్టడం కాదు, దానికి అడ్డు లేకుండా పోవడం. అంతకు ముందు ఇది నియమానికి విరుద్ధము, సిగ్గుపడవలసిన సంగతి. తరువాత ఇదే సమర్థత అనిపించుకొన్నది. ప్రభుత్వం వ్యాపారం చేయరాదు, దారి చూపితే చాలు అనే సిద్ధాంతం హైదరాబాదుకు చేరింది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ప్రభుత్వ పెత్తనం నుండి సంఘాలకు విముక్తి ఇచ్చింది. మంచి చట్టమే. అయితే సభ్యునికి బలం లేని చోట ప్రభుత్వం తప్పుకొంటే ఆ ఖాళీలోకి సభ్యుడు రాడు, ఆసామి వస్తాడు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర రూపాయలు అయింది. 1998లో ప్రపంచ బ్యాంకు ఆర్థిక పునర్నిర్మాణ రుణం వచ్చింది. 1999లో విజన్ 2020 వెలువడింది. చేపల చెరువు ఎకరం లీజు వరి ఎకరం కౌలుకు ఎన్నో రెట్లు పలకడంతో సరస్సు వెలుపలి మాగాణి కూడా చెరువు అయింది. ఇది చేసినవాడు విదేశీ కంపెనీ కాదు, పొరుగూరి మోతుబరి, కొన్నిసార్లు మన సంఘ పెద్దే.

రొయ్యల కథలో మాత్రం విదేశం నేరుగా కనిపిస్తుంది. రొయ్య మొదటి నుండీ ఎగుమతి సరుకు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ తీరమంతా రైతులను ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులపై తీర్పు ఇచ్చింది. 2009లో వనామి రకానికి అనుమతి వచ్చిన తరువాత సాగు మళ్లీ లేచింది. భీమవరం చుట్టూ ఉన్న శుద్ధి కర్మాగారాలలో రొయ్య తలలు తీసే స్త్రీల చేతులు నిత్యం ఐసులోనే ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ వార్త మొదట తాకినది చెరువు గట్టు మీది ధరనే. లండను ప్రదర్శనకు వెళ్లిన తివాచీ నేతగానికి ఈ సంగతి చెబితే అతడు ఆశ్చర్యపడి ఉండడు.

కూలి లెక్క

వరి ఎకరానికి నారుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పు. వీటిలో ఊడ్పూ కలుపూ దాదాపు పూర్తిగా స్త్రీల పని. రెండు పంటల భూమి అయితే ఇదంతా రెండుసార్లు. అదే ఎకరం చెరువు అయితే తవ్వినప్పుడు పొక్లెయిను, తరువాత ఒక కాపలావాడు, మేత వేయడానికి ఒకరిద్దరు మగవారు, ఏడాదికి ఒకటి రెండు పట్టుబడులు. స్త్రీకి పని లేదు. పట్టుబడి జట్టు మగవారికి ఒక్క రోజు కూలి వరి కూలి కంటే ఎక్కువే, ఆ సంగతి దాచకూడదు. చలిలో తెల్లవారుజామున నడుము లోతు నీటిలో వల లాగే ఆ పనికి అది ఎక్కువా అన్నది వేరు ప్రశ్న. మిగిలిన వరి పొలాలలోకి కోత యంత్రాలు వచ్చిన తరువాత ఆ కొద్ది పనీ తరిగింది.

పని పోయిన స్త్రీ ఎక్కడికి వెళ్లింది? నరసాపురం, పాలకొల్లు, తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాలలో పరిచర్య చేసిన ఏ పాస్టరును అడిగినా చెబుతాడు: కువైట్, మస్కట్, దుబాయి. ఈ జిల్లా స్త్రీలు ఇంటి పనికి గల్ఫ్ వెళ్లడం చేపల చెరువుల విస్తరణ కాలంలోనే పెరిగిందని మా పరిశీలన. రెండింటినీ ముడివేసే లెక్కలను మేము చూపలేము గాని, ఊడ్పు కూలీల జట్టులో ఉండిన వారే తరువాత పాస్‌పోర్టు కొరకు ఫోటో దిగడం చూచాము. 1983 నాటి వలసల చట్టం ఏజెంట్లకు లైసెన్సు ఉండాలన్నది. ఊరిలోని సబ్ ఏజెంటుకు లైసెన్సు గూర్చి ఎవరూ అడగలేదు. వారు పంపిన సొమ్ముతో మందిరాలకు స్లాబు పడింది. వారి పిల్లలను అమ్మమ్మలు పెంచారు. మన సంఘాల సండే స్కూలు రిజిస్టరులో తల్లి ఊరిలో లేని పిల్లలు ఎందరో లెక్క తీయవలసిన బాధ్యత మనది. ఆ లెక్క మనం తీయలేదు.

రెండవ ముఖము

లోకం కొల్లేరుకు అంగడిగా మాత్రమే రాలేదు, ఒడంబడికగా కూడా వచ్చింది. 1971లో ఇరాను దేశపు రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1999 అక్టోబరులో, అంటే విజన్ 2020 వెలువడిన ఏడాదే, రాష్ట్ర ప్రభుత్వం ఐదు అడుగుల కాంటూరు వరకు కొల్లేరును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. పక్షులకు రక్షణ కావాలి, వరద నీటికి చోటు కావాలి. దీనిలో వివాదం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కొల్లేరుకు నీరు పోయే దారి గూర్చి అందరూ మాట్లాడారు. అయితే సరిహద్దు గీత గీసిననాడు దాని లోపల సొసైటీ భూమి ఉన్నది, డి-ఫారం పట్టా ఉన్నది, జిరాయితీ ఉన్నది, ఇళ్లూ మందిరాలూ శ్మశానాలూ ఉన్నాయి. గ్రామసభ పెట్టి అడిగిన జ్ఞాపకం ఆ గ్రామాల వారికి లేదు.

2006లో, డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వ కాలంలో, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫారసులనూ కోర్టు ఆదేశాన్నీ అనుసరించి ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. నలభై వేల ఎకరాలకు పైబడిన చెరువుల గట్లను పొక్లెయిన్లతో, పేలుడు పదార్థాలతో తెగగొట్టారు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. పని హక్కు అని ఒక చోట ప్రకటిస్తూ, కొన్ని నెలలలోనే మరొక చోట పని ఉన్న గట్టును తెగగొట్టిన చరిత్ర ఇది. గట్టు తెగినప్పుడు ఆసామికి ఒక ఏడాది పెట్టుబడి పోయింది. అతనికి పైన మాగాణి ఉన్నది, మరొక మండలంలో చెరువు ఉన్నది. సంఘ సభ్యునికి వాటా డబ్బూ పోయింది, కాపలా జీతమూ పోయింది, పట్టుబడి కూలీ పోయింది. ఒకే దెబ్బ ఇద్దరికీ సమానంగా తగిలినదని ఆనాటి పత్రికా రచనలు కొన్ని వర్ణించాయి, అది నిజము కాదు. 1976లో వాటాదారుని చేసిన ప్రభుత్వమే 2006లో అతనిని ఆక్రమణదారు అన్నది. మధ్యలో ముప్పై ఏళ్లు అతని పేరు మీద ఇతరులు లాభం తిన్నారు.

తరువాత 2008లో శాసనసభ సరిహద్దును ఐదు నుండి మూడు అడుగులకు తగ్గించమని తీర్మానించింది. ఆ తీర్మానం కేంద్రం వద్ద నిలిచిపోయింది. గట్లు మెల్లమెల్లగా మళ్లీ లేచాయి, ఈసారి సొసైటీ పేరు కూడా అవసరం లేకుండానే. 2025లో సుప్రీంకోర్టు ఆక్రమణల తొలగింపు సంగతిని మళ్లీ చేపట్టింది.

వాక్యపు వెలుగులో

ఈ చరిత్రకు చాలా మంది నాబోతు ద్రాక్షతోటను పోలిక తెస్తారు. మాకు అది పూర్తిగా సరిపోదనిపిస్తుంది. నాబోతు అమ్మనన్నాడు, మనవాడు లీజు కాగితం మీద వేలిముద్ర వేశాడు. దగ్గరగా ఉన్నది లేవీయకాండము 25వ అధ్యాయము. అక్కడ బీదవాడు అమ్మేది భూమిని కాదు, సునాద సంవత్సరం వరకు మిగిలిన పంటల లెక్కను. అంటే అది ఒక విధమైన లీజే. లీజును ధర్మశాస్త్రం నిషేధించలేదు, దానికి ఒక చివరి తేదీ పెట్టింది. కొల్లేటి లీజులో లేనిది ఆ తేదీయే. రెండవది నెహెమ్యా 5వ అధ్యాయము. అక్కడ జనులు పొలాలను కుదువపెట్టి, పిల్లలను దాస్యానికి పంపి మొరపెట్టారు. అప్పు ఇచ్చినవారు పరదేశులు కారు, సహోదరులు. అధిపతి అయిన నెహెమ్యా తాను, తన సహోదరులు, తన దాసులు కూడా అప్పు ఇచ్చినవారమని ఒప్పుకొని మాట్లాడతాడు. ఈ ఒప్పుకోలు లేకుండా ఆ అధ్యాయం మీద ప్రసంగించడం ఈ ప్రాంతంలో కష్టము. సంఘ పెద్దలలో లీజుదారులు ఉన్నారు, లీజుదారుల కానుకలతో కట్టిన ప్రహరీలు ఉన్నాయి.

మరొక చిక్కు ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితుడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. మన రాష్ట్రంలో అతడు బి.సి.-సి. అందుచేత షెడ్యూల్డు కులాలకు ఉద్దేశించిన పట్టా కావాలన్నా, అప్పు కావాలన్నా మన సంఘస్థునికి కచ్చేరీలో ఒక గుర్తింపు, బాప్తిస్మపు రిజిస్టరులో మరొక గుర్తింపు. 2006లో నష్టపోయినవారి తరఫున సంఘం నోరు విప్పకపోవడానికి భయమే కాదు, ఈ రెండు రిజిస్టర్ల సంగతి కూడా కారణమని మేము అనుకొంటున్నాము. వడ్డీల తరఫున మాట్లాడకపోవడానికి మాత్రం అటువంటి సాకు కూడా లేదు. వారు పెద్దింట్లమ్మ భక్తులు, మన సంఘస్థులు కారు, అంతే.

మేము పరిచర్యకు వచ్చిన తొలి సంవత్సరాలలో ఏలూరు దక్షిణపు గ్రామాలలో కోత పండుగకు వరి కంకులు, వడ్ల మూటలు, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. ఆరాధన తరువాత వేలం వేసేవారము. కొన్నాళ్లకు వడ్ల మూటలు తగ్గి, బుట్టలలో చేపలు వచ్చాయి. వేలం త్వరగా ముగించవలసి వచ్చేది, ఎండకు చెడిపోతాయని. తరువాత కవర్లు వచ్చాయి. వాటి మీద పంపినవారి పేరు, కింద కువైట్ అని ఉండేది. పండుగ పేరు మారలేదు. ఆ గ్రామాలలో ఒకదానిలో ఇప్పుడు కంకులు బజారులో కొని తెస్తున్నారు.